ఆరూ నలభైకి ఊరి కబురు: అనంతపురం జిల్లాలో ఒక చిన్న రేడియో కేంద్రం కేస్ స్టడీ

నేపథ్యం

ఉమ్మడి అనంతపురం జిల్లాలోని ఒక మండల కేంద్రం ఇది. ఊరి పేరు, రేడియో నడిపే సంస్థ పేరు, ఫ్రీక్వెన్సీ ఇక్కడ ఇవ్వడం లేదు. ఊరిని పట్టించే ఆనవాళ్లు కొన్ని మార్చాం.

ఊళ్లో పట్టు మగ్గాలున్నాయి. చుట్టూ మెట్టలో శెనక్కాయ, బోర్ల కింద టమోటా, అక్కడక్కడా చీనీ తోటలు. రేడియోకి ఇంతకంటే అనువైన ఊరు ఉండదు. మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి చేతులు, కాళ్లు, కళ్లు మూడూ పనిలో ఉంటాయి, చెవులొక్కటే ఖాళీ. టైలరుదీ, మంగలి షాపుదీ, టమోటా ఏరే ఆడవాళ్లదీ, బోరు మోటరు దగ్గర కాపలా ఉన్న రైతుదీ అదే పరిస్థితి. టీవీలు, ఫోన్లు వచ్చి ఇన్నేళ్లయినా ఇలాంటి ఊళ్లలో గూట్లో ఒక రేడియో మిగిలి ఉండడానికి కారణం ఇదే.

ఈ సీమకు రేడియో అలవాటు చేసింది కడప ఆకాశవాణి. 1963లో మొదలైన ఆ కేంద్రం 900 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ మీద రాయలసీమ పల్లెలకు వినిపిస్తూ వచ్చింది. ఆ తర్వాత అనంతపురానికి సొంత ఎఫ్ఎం వచ్చింది, 101.7 మీద. పంటల సలహాలు, వాతావరణం, వార్తలు వంటి జిల్లా అంతటికీ ఒకేలా చెప్పాల్సిన సంగతులు ఆ కేంద్రాలు చెబుతాయి. ఆ పనిలో చిన్న కేంద్రం వాటితో పోటీ పడలేదు, పడనక్కర్లేదు కూడా. ఈ కేసంతా ఈ ఒక్క తేడా మీదే నడిచింది.

మన కేంద్రం కమ్యూనిటీ రేడియో, అంటే చుట్టుపక్కల ఊళ్ల కోసం స్థానిక సంస్థ నడిపే చిన్న కేంద్రం. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. 2002లో విద్యాసంస్థలకు, 2006 చివర్లో స్వచ్ఛంద సంస్థలకు ఇలాంటి కేంద్రాలు పెట్టుకునే వీలు కలిగింది. ఆ మధ్య కాలంలోనే కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు నడిపిన మన రేడియో, అనుమతి లేదన్న కారణంతో కొద్ది నెలల్లోనే మూతపడింది. ఆ సంగతి తెలిసినవాళ్లు కేంద్రాన్ని నడిపే కమిటీలో ఉన్నారు కాబట్టి ఈ కేంద్రంలో కాగితాలు మొదటినుంచీ పక్కాగా ఉన్నాయి. కేంద్రానికి సాయం చేయడానికి వెళ్లిన మా పని సగం తేలికైంది.

పరికరాలు: 50 వాట్ల ట్రాన్స్‌మిటర్, మేడ మీద స్టే వైర్లతో నిలబెట్టిన యాంటెన్నా స్తంభం, అంటే మాస్టు (యాంటెన్నా ఎత్తు నేల నుంచి 20 మీటర్లు), దానికి పవరు చేర్చే 40 మీటర్ల ఆర్‌జీ-213 కేబులు, ఒక మిక్సరు, రెండు మైకులు, రెండు కంప్యూటర్లు. ప్రసారం ఉదయం 6 నుంచి 10 దాకా, సాయంత్రం 5 నుంచి 9 దాకా.

వాళ్లు చెప్పిన సమస్య

"జనం వినడం మానేశారు." కమిటీ చెప్పింది ఇదొక్కటే. ఆ మాట కింద రెండు వేరువేరు ఫిర్యాదులున్నాయి, వాళ్లు రెండింటినీ కలిపేశారు. మగ్గాల వీధి వాళ్లు "పొద్దున పూట రాదు, గుర్రుమంటాది" అంటున్నారు. బస్టాండు చుట్టుపక్కల వాళ్లు "వస్తాది గానీ ఏముందని వినాల? పాటలు ఫోన్లో లేవా యాడ?" అంటున్నారు. మొదటిది అందకపోవడం, రెండోది అందినా అక్కర్లేకపోవడం. వీటిని విడదీయకుండా ఏ మందు వేసినా ఒకదాని ఫలితం ఇంకోదానికి అంటగడతాం.

మేం వెళ్లేసరికే వాళ్లు చాలా ప్రయత్నించి ఉన్నారు.

ముందుగా సినిమా పాటలు పెంచారు. ఖర్చు పెరిగింది, ఎందుకంటే వాటికి హక్కుల రుసుము కట్టాలి. ఫలితం లేదు. ఎవరికి కావలసిన పాట వాళ్లు ఎప్పుడంటే అప్పుడు ఫోన్లో పెట్టుకునే రోజుల్లో రేడియో వేసే పాట కోసం ఎదురుచూసేవాళ్లు తక్కువ. పాట రేడియోకి ఊపిరి ఆడనిచ్చే ఖాళీ మాత్రమే, ట్యూన్ చేయడానికి అది కారణం కాదు.

ఆ తర్వాత ఫోన్‌ఇన్ పెట్టారు. కొన్నాళ్లకు అదే పదిమంది రోజూ చేసి ఒకరి పేరు ఒకరు చెప్పుకోవడంగా మారింది. మిగతా ఊరికి అది వాళ్ల ఇంటి ముచ్చట అనిపించింది. రికార్డు చేసిన కార్యక్రమాలు వాట్సాప్ గ్రూపుల్లో పంపారు. బెంగళూరుకు కూలికి వెళ్లినవాళ్లకు అది నచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. కానీ ఊళ్లో రేడియో వినడం దానివల్ల పెరగలేదు, పెరగదు కూడా.

ఇక కమిటీ మాస్టు ఎత్తు పెంచాలని డబ్బు పోగుచేస్తోంది. ఇది ఆపించాల్సి వచ్చింది. ఎఫ్ఎం కంటిచూపు దారిలో వెళ్తుంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే దిగంతం సుమారు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 20 మీటర్లకు 18 కిలోమీటర్లు, నిబంధనలు అనుమతించే గరిష్ఠమైన 30 మీటర్లకు 22 పైచిలుకు. ఫిర్యాదులొస్తున్న మగ్గాల వీధి కేంద్రానికి రెండు కిలోమీటర్లు కూడా లేదు. దిగంతం ఎక్కడో ఉండగా పక్క వీధిలో గుర్రుమంటోందంటే జబ్బు ఎత్తులో లేదు. పైగా ఎత్తు మార్చాలంటే అనుమతుల్లో రాసిన వివరాలన్నీ మళ్లీ మార్పించుకోవాలి.

తడి ఉదయాలు

తెలుసుకోవాల్సింది ఒకటే: "రాదు" అంటే ఎక్కడ రాదు, ఎప్పుడు రాదు? ఒకే చవక రేడియో సెట్టు పట్టుకుని ఊళ్లో గుర్తుపెట్టుకున్న చోట్ల నిలబడి మూడే గుర్తులు వేశాం: స్పష్టం, గుర్రుతో, లేదు. ఖరీదైన మీటరు అక్కర్లేదు. సెట్టు మారకూడదు, ఏరియల్ పొడవు మారకూడదు, నిలబడే చోటు మారకూడదు. అంతే. ఉదయం ఆరున్నరకొకసారి, మధ్యాహ్నం ట్రాన్స్‌మిటర్‌ను పరీక్షకని ఆన్ చేయించి మరోసారి.

మధ్యాహ్నం ఊరంతా స్పష్టం. ఉదయం మగ్గాల వీధి, దాని వెనక కాలనీ రెండూ గుర్రు. కొండో మేడో అడ్డమైతే మధ్యాహ్నం కూడా అడ్డమే కావాలి. వేళను బట్టి మారుతోందంటే లోపం కేంద్రంలోనే ఉంది. అది అక్టోబరు, రాత్రి వానలు, తెల్లవారి మంచు. తడి తగిలే చోటు ఎక్కడ?

ట్రాన్స్‌మిటర్ ముఖం మీదే జవాబుంది. ముందుకు పోయే పవరు, తిరిగొచ్చే పవరు రెండూ అక్కడ కనిపిస్తాయి. మధ్యాహ్నం ముందుకు 48 వాట్లు, వెనక్కి 1. తెల్లవారి ఆరుంబావుకు ముందుకు 20, వెనక్కి 4. యాంటెన్నా వైపు నుంచి పవరు వెనక్కి కొడుతుంటే ట్రాన్స్‌మిటర్ కాలిపోకుండా తన పవరును తనే తగ్గించుకుంటుంది. అంటే ఉదయం ప్రధాన ప్రసార వేళలో కేంద్రం మూడో వంతు బలంతో నడుస్తోంది. పది గంటలకు ఎండ పడి ఆరేసరికి ప్రసారం అయిపోతోంది. లాగ్ పుస్తకంలో రోజూ రీడింగు రాస్తున్నారు, కానీ సాయంత్రం అయిదుకు. అప్పుడు అంతా బాగానే ఉంటుంది.

ట్రాన్స్‌మిటర్‌దా, కేబులుదా? యాంటెన్నా కేబులు విప్పి యాంటెన్నాకు బదులు పవరును తనలో పీల్చుకునే 50 ఓముల డమ్మీ లోడ్ తగిలించి తెల్లవారే చూశాం. ముందుకు 50, వెనక్కి సున్నా. ట్రాన్స్‌మిటర్ నిర్దోషి. (లోడ్ గానీ యాంటెన్నా గానీ లేకుండా ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయకూడదు. చిన్న కేంద్రాల్లో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయేది ఎక్కువగా అలాగే.)

మాస్టు మీద యాంటెన్నా మొదట్లో కేబులును దానికి కలిపే ఎన్ కనెక్టరుకు మామూలు కరెంటు పనుల పీవీసీ టేపు చుట్టి ఉంది. అనంతపురం ఎండకు ఆ టేపు ఒక వేసవి నిలిస్తే ఎక్కువ. బీటలువారి విచ్చుకుని ఉంది. విప్పితే లోపలి పిన్ను మీద పచ్చని చిలుము. ఆసక్తికరమైన సంగతేమిటంటే, ఆ కనెక్టరు కొత్తదే. ముందు ఏడాది ఒక మెకానిక్ దాన్ని మార్చాడు, కొద్ది వారాలు బాగుండి మళ్లీ మొదలైంది. కేబులు తొడుగు వొలిచి చూస్తే కారణం కనిపించింది. లోపలి రాగి జాలీ మెరుస్తూ ఉండాల్సింది, ఒక మీటరుకు పైగా నల్లబడి ఉంది. నీళ్లు జాలీ వెంట దీపపు వొత్తిలో నూనెలా పాకిపోతాయి. తడిసిన కేబులుకు కొత్త కనెక్టరు పెడితే ఆ కనెక్టరు కూడా తడుస్తుంది. రాగి మెరిసే దాకా కోసి పారేయాలి, లేదా కేబులే మార్చాలి.

మార్చడమే మేలనుకున్నాం, ఎందుకంటే ఆర్‌జీ-213 ఈ పొడవుకు ఎలాగూ సరిపోదు. 100 మెగాహెర్ట్జ్ దగ్గర అది 40 మీటర్లలో రెండున్నర డెసిబెళ్లకు పైగా తింటుంది. 50 వాట్లు వదిలితే యాంటెన్నాకు చేరేది 27 దాకా. అరంగుళం ఫోమ్ కేబులు వేస్తే 40 దాటుతుంది. మాస్టు పెంచడానికి పోగుచేసిన డబ్బులో కొంత దీనికి సరిపోయింది.

కట్టిన పద్ధతి ఇది. పని పూర్తయ్యేదాకా ట్రాన్స్‌మిటర్ ఆపి, మెయిన్ స్విచ్చు తీసి, తాళం చెవి మాస్టు ఎక్కినవాడి జేబులో ఉంచాం. కనెక్టరు బిగించాక ముందు ఒక వరస పీవీసీ టేపు, అది రేపు విప్పేటప్పుడు జిగురు అంటకుండా. దాని మీద తనలో తాను అతుక్కునే రబ్బరు టేపు, రెట్టింపు పొడవయ్యేలా లాగుతూ, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా. చివర మళ్లీ ఎండకు తట్టుకునే రకం పీవీసీ టేపు, కింది నుంచి పైకి. పై నుంచి కిందికి చుడితే ప్రతి చుట్టూ నీళ్లను లోపలికే పంపుతుంది. కనెక్టరు కింద కేబులును ఒక వంపు తిప్పి కట్టాం, కారిన నీళ్లు వంపు అడుగు నుంచి కింద పడతాయి. గదిలోకి వచ్చే కన్నం దగ్గర మరో వంపు. పిడుగు రక్షణ ఎర్తు గుంత ఎండిపోయి ఉంటే దాన్నీ తడిపించాం. ఎర్తు గుంతకు వేసవిలో నీళ్లు పోయడం ఈ జిల్లాలో మర్చిపోకూడని పని.

ఇంకో మార్పుకు పైసా ఖర్చు కాలేదు. ప్రసారం స్టీరియోలో, అంటే కుడి ఎడమ శబ్దాలు వేరుగా పోతోంది. మాట ప్రధానమైన చిన్న కేంద్రానికి అది అక్కర్లేదు. బలహీనంగా అందే చోట స్టీరియోకు గుర్రు బాగా ఎక్కువ. రెండూ ఒకటిగా పోయే మోనోకు మార్చగానే వెనక కాలనీలో "గుర్రుతో" అని రాసిన చోట్లు చాలావరకు "స్పష్టం" అయ్యాయి.

వినేవాళ్ల వైపు కూడా చూడాలి. మగ్గాల ఇళ్లలో సెట్ల ఏరియళ్లు చాలావాటికి విరిగిపోయాయి. విరిగిన మొదటికి 80 సెంటీమీటర్ల రాగి తీగ అతికించి, నిలువుగా గోడకు మేకేసి వేలాడదీయమన్నాం. ఆ పొడవు ఎఫ్ఎం తరంగం పొడవులో సుమారు పావు వంతు, నిలువు ఎందుకంటే కేంద్రం యాంటెన్నా కూడా నిలువే. ఒకింట్లో సెట్టును ఎల్‌ఈడీ బల్బుకు కరెంటు మార్చి ఇచ్చే డ్రైవరు పెట్టె పక్కనే పెట్టారు, నాలుగడుగులు జరిపితే సగం గోల పోయింది.

అందినా అక్కర్లేకపోవడం

సాంకేతికం తేలాక అసలు పని మొదలైంది. మగ్గాల వీధిలో స్పష్టంగా వినిపిస్తోంది, అయినా జనం ట్యూన్ చేయడం లేదు. ఇది ముందే ఊహించిందే. గుర్రు పోగొడితే వినడానికి ఉన్న అడ్డు పోతుంది, వినాలన్న అవసరం పుట్టదు.

"మా రేడియో వింటారా?" అని అడిగితే అందరూ వింటామనే అంటారు, మర్యాదకు. అలా అడగొద్దని వాలంటీర్లకు చెప్పాం. "నిన్న పొద్దున ఏం విన్నారు, ఎక్కడ కూర్చుని?" అనడగాలి. సెట్టు ఎక్కడుందో చూడాలి, బ్యాటరీ పెట్టె మూత తీసి సెల్లు కారి ఉందేమో చూడాలి. ఇంకో ప్రశ్న దీనికంటే పనికొచ్చింది: "పొద్దున్నే ఏ సంగతి తెలుసుకోవడానికి ఇంకొకరికి ఫోన్ చేస్తారు?"

జవాబుల్లో సినిమా లేదు, పాట లేదు. ఈ రోజు మా వీధికి కుళాయి నీళ్లొస్తాయా, ఎన్నింటికి? పొలానికి త్రీఫేజు ఎప్పుడిస్తారు? తొలి బస్సు నడుస్తోందా? రైతు సేవా కేంద్రంలో విత్తనాలు ఇస్తున్నారా? రాత్రి వాన మా వంకవతల పడిందా? ఒక చేనేత మహిళ ఇలా అంది: "నీళ్ల కోసం కుళాయి కాడ గంట కూర్చుంటే నాకు అంత నేత పోతాది. టైము చెప్తే చాలు, నీ రేడియో దినామూ పెడతా."

కడప కేంద్రం గానీ అనంతపురం కేంద్రం గానీ ఇవి చెప్పలేవు. వీధికీ వీధికీ తేడా ఉన్న సంగతులివి. జిల్లాకు చెబితే ఎవరికీ పనికిరావు, వీధికి చెబితే బంగారం.

ఆరు నిమిషాల కార్యక్రమం

పేరు ఊరి కబురు. ఉదయం 6:40కి, ఆరు నిమిషాలు. కుళాయిలు ఏడు నుంచి వదులుతారు, ఇరవై నిమిషాల ముందు తెలిస్తే బిందెలు సర్దుకోవచ్చు, అంతకు ముందైతే సమాచారమే ఖాయం కాదు. రైతుకు ఉదయం చెప్పి లాభం లేదు, అప్పటికి పొలంలో ఉంటాడు. అందుకని రేపటి కరెంటు వేళలు, వాన కబురు రాత్రి 8:10కి.

గడియారం విషయంలో ఏ సడలింపూ ఒప్పుకోలేదు. 6:40 అంటే 6:40, పాట మధ్యలో ఉన్నా కోయాల్సిందే. కొత్తలో అనౌన్సర్లకు ఇది మింగుడుపడలేదు. చెప్పడానికేమీ లేని రోజు కూడా వచ్చి "ఈ రోజు నీళ్ల వేళల్లో మార్పు లేదు" అని చెప్పి వెళ్లాలి. ఒకరోజు ఉండి ఒకరోజు లేకపోతే అలవాటు పడదు. వరస కూడా మారకూడదు: నీళ్లు, కరెంటు, బస్సు, రైతు సేవా కేంద్రం, మార్కెట్ ధర, తప్పిపోయినవి, చావు కబుర్లు. ఎవరికి కావలసిన చోట వాళ్లు చెవి పెడతారు, మిగతా సేపు పని చేసుకుంటారు.

నిబంధనల మాట ముందే తేల్చుకోవాలి. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలను మార్పు లేకుండా వేసుకోవచ్చు. కరెంటు, నీరు, ప్రకృతి విపత్తులు, ఆరోగ్య హెచ్చరికల వంటి వాటిలో స్థానిక యంత్రాంగం ఇచ్చిన ప్రకటనలు చెప్పడం వేరు. అందుకని ఒక ఫారం తయారుచేశాం, అర పేజీ: ఎవరిచ్చారు, హోదా, తేదీ, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, సంతకం. ఫారం లేనిది ఊరి కబురులోకి రాదు. ఇది కాపాడింది కూడా. ఒక స్థానిక నాయకుడు తను వేయించిన సిమెంటు రోడ్డు సంగతి చెప్పమని మనిషిని పంపాడు. "ఫారంలో ఆ గడి లేదన్నా" అని నవ్వుతూ పంపేశారు. కాదనడానికి మనిషి కంటే కాగితానికి ధైర్యమెక్కువ.

ఎక్కడ చెడింది

రెండో వారంలోనే చెడింది. నీటి సరఫరా చూసే కార్యాలయం ఇచ్చిన పట్టిక ప్రకారం ఒక వీధికి ఏడింటికి నీళ్లన్నారు. రాత్రే మోటరు కాలింది. వీధి వీధంతా బిందెలతో నిలబడి రేడియోను తిట్టింది. తప్పు రేడియోది కాదని వాదించడం దండగ, నోరు రేడియోదే కదా.

అప్పటి నుంచి రెండు ఆధారాలు పెట్టాం. ముందురోజు సాయంత్రం కార్యాలయం ఫారం. 6:25కి వాల్వు తిప్పే ఆయనకు కేంద్రం నుంచి ఫోన్. రెండూ కలిస్తే "ఏడింటికి వదులుతారు". ఫోన్ కలవకపోతే "ఏడింటికని నిన్న సాయంత్రం చెప్పారు, ఈ ఉదయం ఇంకా ఖాయం కాలేదు". నీళ్లు రావని వాల్వు ఆయన చెబితే "ఈ రోజు రావు, కారణం ఇది". రెండో రకం వాక్యం పలకడానికి అనౌన్సర్లు మొదట సిగ్గుపడ్డారు, తెలియదని చెప్పినట్టుంటుందని. కానీ జనం నమ్మకం దాని మీదే నిలబడింది. ఖాయం కానిది ఖాయం కాలేదని చెప్పేవాడు ఖాయమన్నప్పుడు నమ్ముతారు.

కార్యాలయం పట్టికలో వార్డు నెంబర్లుంటాయి. తన వార్డు నెంబరు తెలిసినవాళ్లు ఊళ్లో తక్కువ. వాటిని వేపమాను కట్ట, పాత పోస్టాఫీసు సందు, మిషన్ వెనక అని మార్చి, ఒక్కో పేరు రెండుసార్లు చదవమన్నాం. కులం పేరుతో పిలిచే వాడలకు వాడుకలో ఉన్న పేరు వాడకూడదు. అక్కడివాళ్లనే అడిగి గుడి పేరో, ట్యాంకు పేరో పెట్టుకున్నారు. ఒకచోట ఈ విషయం మీద రెండు సాయంత్రాలు చర్చ జరిగింది, అది జరగాల్సిన చర్చే.

చావు కబుర్లు అన్నింటికంటే సున్నితం. ఊళ్లో ఆటోకి మైకు కట్టి చెప్పే అలవాటు ఉంది, రేడియోలో చెప్పాలని చాలామంది అడిగారు. ఒకసారి ఎవరో ఆకతాయి ఫోన్ చేసి బతికున్న మనిషి పోయాడని చెప్పాడు. అనౌన్సరుకు అనుమానం వచ్చి ఆపింది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత నియమం: ఫోన్ మీద తీసుకోకూడదు. ఇంటి మనిషి స్వయంగా రావాలి, వెంట ఇరుగుపొరుగు ఒకరు, ఇద్దరి సంతకాలు. చెప్పేది పేరు, ఇల్లు, ఎన్ని గంటలకు ఎత్తుతారు. అంతే. గుణగానం లేదు, కులం లేదు, పార్టీ పదవి లేదు. పెద్దింటికీ పేదింటికీ ఒకటే మూడు వాక్యాలు.

ప్రసారాలను మూడు నెలలు భద్రపరచాలన్నది నిబంధన. చాలా కేంద్రాల్లో అది పేరుకే ఉంటుంది. ఇక్కడ పాత కంప్యూటరు ఒకదానికి చవక రేడియో అతికించి, గాల్లోకి వెళ్లినదాన్నే గంటకొక ఫైలుగా రికార్డు చేయించాం. మిక్సరు నుంచి తీసుకుంటే గదిలో ఏమన్నారో తెలుస్తుంది, రేడియో నుంచి తీసుకుంటే ఊరు ఏం విన్నదో తెలుస్తుంది. నీళ్ల వేళ తప్పు చెప్పారని ఒకాయన గొడవకు వస్తే ఆ ఫైలు వినిపించారు. ఆయన విన్నది ముందురోజు వాట్సాప్‌లో తిరిగిన రికార్డింగు. ఆ రోజు నుంచి ఊరి కబురును వాట్సాప్‌లో పెట్టడం ఆపేశారు. పాట పాతబడదు, నీళ్ల టైము పాతబడుతుంది.

ఊరి కబురు నిమిషాల్లో ప్రకటనలు వద్దన్నాం. గంటకు 12 నిమిషాల దాకా అనుమతి ఉంది, వాటిని 6:38 లోపల, 6:46 తర్వాత అమ్ముకోవచ్చు. విత్తనాల షాపు డబ్బిచ్చి చెప్పించిన మాట, రైతు సేవా కేంద్రం చెప్పిన మాట పక్కపక్కనే ఒకే గొంతులో వస్తే రైతు రెండింటికీ ఒకే విలువ ఇస్తాడు. విచిత్రంగా ప్రకటనలకు గిరాకీ పెరిగింది ఆ అంచుల్లోనే. అందరూ అప్పటికి సెట్టు పెట్టి ఉంటారు కదా.

వాన కబురు

జూన్ దాటాక ఇంకో పని చేర్చాం. శెనక్కాయ మెట్ట పంట, పదును చూసి విత్తాలి. మండలానికి ఒక వానమాపకం లెక్క ఉంటుంది గానీ, ఒక వంక ఇవతల తడిసి అవతల పొడిగా ఉండడం ఇక్కడ మామూలే. ఒకే రైతుకు రెండు దిక్కులా పొలం చెక్కలుంటాయి. అందుకని ఊరికొకరు చొప్పున ఆసక్తి ఉన్నవాళ్లకు పని అప్పజెప్పారు. మాపకం కొనలేని చోట నోరు, అడుగు ఒకే వెడల్పు ఉన్న రేకు డబ్బా సరిపోతుంది. అందులో నిలిచిన నీటి లోతు స్కేలుతో కొలిస్తే ఎన్ని మిల్లీమీటర్లో అదే వాన. నోరు వెడల్పై అడుగు సన్నగిల్లే గిన్నెలు పనికిరావు, లెక్క ఎక్కువ చూపిస్తాయి. చెట్టుకు గానీ గోడకు గానీ దాని ఎత్తుకు రెట్టింపు దూరంలో పెట్టాలి. చూడాల్సింది ఉదయం ఎనిమిదిన్నరకు, వాతావరణ శాఖ కొలిచే వేళ అదే కాబట్టి లెక్కలు పోల్చుకోవచ్చు. కొలిచాక డబ్బా వంచేయాలి, ఇది మర్చిపోయి మర్నాడు రెండింతలు చెప్పినవాళ్లున్నారు.

రేడియో ఇక్కడ గట్టిగా గీత గీసుకుంది. ఏ ఊళ్లో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చెబుతుంది, విత్తమని చెప్పదు. ఎర్రనేల ఎంత లోతుందో, ముందు దున్ని ఉందో లేదో, నీళ్లు నిలిచాయో వంకలోకి పోయాయో, ఇవన్నీ చూసి రైతు పార తీసుకుని తవ్వి తేల్చుకోవాల్సిన సంగతి అది. విత్తనం ఖర్చు ఆయనది.

ఫలితం, మిగిలిపోయినవి

వింటున్నారో లేదో తేలింది ఒక పొద్దున. యూపీఎస్ బ్యాటరీలు చచ్చి 6:40కి ప్రసారం లేదు. కేంద్రం ఫోన్ తొమ్మిదింటి దాకా మోగుతూనే ఉంది. అంతకు ముందు ఎన్ని సర్వేలు చేసినా రాని జవాబు అది. బస్టాండు దగ్గర రేడియో రిపేరు చేసే ఆయన దగ్గరికి మూలపడ్డ సెట్లు మళ్లీ రావడం మొదలైంది. ఆయనే అందరికీ 80 సెంటీమీటర్ల తీగ కట్టి ఇస్తున్నాడు. ఊరి కబురు అయ్యాక వెంటనే ఆపేయకుండా అలా ఉంచేయడం వల్ల మిగతా కార్యక్రమాలకూ వినేవాళ్లు దొరికారు. పాటలు తగ్గించారు, జనపదాలు, భజన బృందాలు పెరిగాయి. రాయల్టీ భారమూ తగ్గింది.

తీరనివి రెండున్నాయి. ఊరికి పడమట గుట్ట వెనకున్న పల్లెకు అందడం లేదు. గుట్ట అడ్డం, దానికి పవరూ కేబులూ ఏమీ చేయలేవు. గుట్ట ఇవతలి చేలో పని చేసే ఒకాయన 8:10 కబురు విని ఫోన్ చేసి గుడి మైకు వాళ్లకు చెబుతున్నాడు, ప్రస్తుతానికి అంతే. రెండోది ఫోన్లు. ఎఫ్ఎం ఉన్న ఫోన్లలో చాలావాటికి ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్, కొత్త ఫోన్లకు ఆ రంధ్రమే ఉండడం లేదు. ఫోన్లలో ఎఫ్ఎం ఉంచాలని కేంద్ర ఐటీ శాఖ 2023లో తయారీదారులకు సూచించింది, కానీ ఇక్కడి షాపుల్లో చవక ఫోన్ అడిగితే ఏది వస్తుందో అదే. కుర్రాళ్లలో వినేవాళ్లు తక్కువగా ఉండడానికి ఇది సగం కారణం.

కనెక్టరు టేపు ఏటా మే నెలాఖరున, తొలకరికి ముందు విప్పి చూడాలని గోడ మీద రాసి పెట్టారు. పవరు రీడింగు ఇప్పుడు ఉదయం ఆరుంబావుకు రాస్తున్నారు. వెనక్కి వచ్చేది 2 వాట్లు దాటితే అదే రోజు మాకు ఫోన్ చేయాలి.